జీపు ఇరుసులోని పదునాలుగు రేకులు

ఈ పుటలలో వంటను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు, వ్రతములను గూర్చియు వ్యాసములు చదువుట మనకు పరిపాటి. నేను నేడు వ్రాయబూనినది మోటారుబండి వెనుక ఇరుసులో దాగియుండు ఒక యంత్రమును గూర్చి. ఇది స్త్రీలకేల యని మీలో కొందఱు నవ్వవచ్చును. నేనును మొదట నట్లే నవ్వితిని. కాని యా యంత్రమును విప్పి కూర్చుటలో నేనొక తప్పు చేసితిని. తప్పును మించిన తప్పుగా దానిని దాచితిని. ఆ కథ చెప్పుకొననిదే నా మనస్సు తేలికపడదు.

మా నాయనగారు నాకు భారత భాగవతములను ఇంటిలోనే చెప్పిరి. యంత్రవిద్య నేనెఱుగను. మా వారు ఉపాధ్యాయులు. మాది బీబీపేట. మా మరిదికి ఒక పాత జీపు గలదు. పొలముల నుండి పాలును, కూరగాయలును కామారెడ్డికి చేర్చి యతడు జీవించుచున్నాడు. ఆ బండి నిలిచిన నాడు అతని యింట పొయ్యి వెలుగుట కష్టము.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో మా కామారెడ్డి జిల్లాలో కురిసిన మహావర్షమును గూర్చి మీరు వినియే యుందురు. చెఱువులు నిండి అలుగులు దుమికెను. రోడ్లు తెగెను. రైలుపట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయి బండ్లు నిలిచిపోయెను. వాన వెలిసిన వారము దినములకు, పొలముకడ కొట్టములో నున్న మా అత్తగారికి తీవ్రమైన జ్వరము వచ్చెను. ఆమెను జీపులో పరుండబెట్టుకొని నేనును మా మరిదియు కామారెడ్డి ఆసుపత్రికి బయలుదేరితిమి. చెఱువుకట్ట దిగువ మలుపులో బండి ఆగెను. వెనుకటి ఎడమచక్రము బురదలో గిరగిర తిరుగుచున్నది. కుడిచక్రము గట్టి మొరముమీద నుండియు కదలుటలేదు. ఇంజను ఎంత గర్జించినను బురద ఎగసి మా ముఖముల బడుటయే గాని బండి జానెడు ముందునకు సాగలేదు. గంటన్నరకు పొరుగువారి ట్రాక్టరు వచ్చి మమ్ము లాగినది. ఆ గంటన్నరయు అత్తగారి తల నా యొడిలో నిప్పువలె కాలుచుండెను. దైవకృపవలన ఆమె కోలుకొన్నది. కాని ఆ కాలమును నేను మఱువజాలను.

కర్ణపర్వమున కర్ణుని రథచక్రమును భూమి మ్రింగిన ఘట్టమును చిన్ననాట ఎన్నిమారులు చదివితినో! రెండవచక్రము గట్టినేల మీదనే యుండెను గదా, అది ఏల లాగలేదని ఎన్నడును తలపలేదు. ఆ రాత్రి మా వారిని అడిగితిని. వారు పలకయు సుద్దముక్కయు తెచ్చి పాఠము చెప్పిరి. దానినే మీకు నా మాటలలో చెప్పెదను.

ఎడ్లబండికి చక్రములు రెండును ఇరుసుమీద వేఱువేఱుగా తిరుగును. లాగునవి ఎడ్లు; చక్రములకు దొరలుటయే పని. కావున మలుపులో ఒకటి మెల్లగను, ఒకటి వడిగను తిరిగినను చిక్కులేదు. మోటారుబండిలో నట్లుకాదు. ఇంజనే చక్రములను త్రిప్పవలెను. మన బతుకమ్మ ఆటను తలచుకొనుడు. రెండు వరుసలుగా చుట్టు నిలిచి ఆడునపుడు లోపలి వలయములోని వారు చిన్న అడుగులు వేయుదురు; వెలుపలివారు పెద్ద అడుగులు వేయుదురు. అట్లు వేయనిచో వరుస చెదరును. జీపు చక్రముల నడుమ ఎడము సుమారు 1.2 మీటరు. లోపలిచక్రము 5 మీటర్ల వ్యాసార్ధముతో ఒక చుట్టు తిరిగినచో 31 మీటర్లకు పైగా నడచును. వెలుపలిది 39 మీటర్లు నడువవలెను. రెంటిని ఒకే కడ్డీకి బిగించినచో ఒకటి నేలను గీరుకొని పోవలసినదే.

ఈ చిక్కును తీర్చు పండ్లచక్రముల కూర్పే డిఫరెన్షియల్. ఫ్రాన్సు దేశీయుడగు పెకర్ అను గడియారపు పనివాడు 1820వ దశకము చివర, ఆవిరిబండికొఱకు దీనిని కల్పించెను. ఇంజను నుండి వచ్చు కడ్డీ క్రౌను అను పెద్ద పండ్లచక్రమును త్రిప్పును. క్రౌనుతోపాటు ఒక గుల్ల తిరుగును. ఆ గుల్లలోని చిన్న పండ్లచక్రములు ఇరుప్రక్కల ఇరుసులకును బలమును పంచును. ఒకటి ఎంత మెల్లగించిన రెండవది అంత వేగించును; రెంటి సగటు మాత్రము గుల్ల వేగమునకు సమానము.

ఇంత చక్కని కల్పనలో ఒక లోపము గలదు. అది బలమును ఇరుప్రక్కల సమానముగా పంచును. సమానమనిన మేలేగదా యని మనము తలంతుము. కాని బురదలోని చక్రము పట్టులేక జారుచున్నది. దానిని త్రిప్పుటకు ఆవగింజంత బలము చాలును. సమానముగా పంచవలెను గనుక గట్టినేలమీది చక్రమునకును ఆ యావగింజంతయే అందును. శక్తిగలది ఊరకుండును, శక్తిలేనిది వృథాగా తిరుగును. మేము చెఱువుకట్టక్రింద చూచినది ఇదియే.

ఈ లోపమును కొంత సవరించునది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. జారుటకు హద్దు గలదని దాని భావము. జర్మనీలో ఆటో యూనియన్ పందెపుకార్ల చక్రములు మితిమీఱి జారుచుండగా, ఫెర్డినాండ్ పోర్షె కోరికపై 1935లో జెడ్.ఎఫ్. అను కర్మాగారమువారు ఇట్టిదానిని నిర్మించిరట. ఇందు గుల్ల లోపల ఇరుప్రక్కల పలుచని ఉక్కురేకుల దొంతరలుండును. కొన్ని రేకులకు వెలుపల చెవులుండును. అవి గుల్లతో తిరుగును. కొన్నింటికి లోపలి అంచున పండ్లుండును. అవి ఇరుసుతో తిరుగును. వానిని ఒక బిళ్ళస్ప్రింగు నొక్కిపట్టును. చక్రము ఒంటిగా పరుగెత్తబోయినచో రేకులు ఒకదానినొకటి ఒరసికొని దానిని పట్టి ఆపును. ఆ పట్టు మేరకు రెండవచక్రమునకు అదనపు బలమందును.

మా మరిది జీపులో నున్నది ఈ రకమే. కాని యేండ్ల తరబడి ఒరసి ఒరసి రేకులు అరిగి, దొంతర వదులై, ఉండియు లేనిదానితో సమానమైనది. పట్టణములోని ఒక పనిశాలవారు దానిని బాగుచేయుటకు చెప్పిన సొమ్ము మా వారి నెలజీతములో సగమునకు మించినది. మా మరిది తల వంచుకొని ఇంటికి వచ్చెను. అంతట మా వారు దసరా సెలవులలో మన వాకిటనే విప్పుదమనిరి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో బడి ప్రయోగశాలలోని స్క్రూగేజిని తెచ్చిరి; అది మిల్లీమీటరులో నూఱవవంతును కొలుచును. బిగువును కొలుచు పానాను పరిచయస్థుడగు మెకానిక్కు ఎరువిచ్చెను.

వాకిలి ఊడ్చి, పాత దుప్పటి పఱచితిమి. బండి నెత్తి బలమైన స్టాండులమీద నిలిపిరి. ఒక్క జాకీని నమ్మి బండిక్రింద దూరరాదని మా వారు పదే పదే హెచ్చరించిరి. నూనె దింపి, ఇరుసులను రెంటిని వెలుపలికి లాగి, వెనుకటి మూత విప్పిరి. గుల్లను ఇరుప్రక్కల పట్టియుంచు బేరింగు టోపీలు చూచుటకు ఒక్క తీరుననే యుండును గాని ఎడమది కుడికి పనికిరాదు. ఆ వెనుక నుండు సన్నని సర్దుబిళ్ళలును అట్టివే. అవి తాఱుమాఱైనచో క్రౌను, పీనియనుల పండ్ల నడిమి సందు చెడి, పండ్లు విఱుగును. నేను ఎడమవానికి ఎఱ్ఱదారమును, కుడివానికి పచ్చదారమును కట్టితిని. "వదిన ఉన్నంక మర్చిపోవుడు లేదు" అని మా మరిది మెచ్చుకొనెను. ఆ మెప్పు నా తలకెక్కినదని ఇప్పుడు తోచుచున్నది.

గుల్లను విప్పగా ప్రక్కకు ఏడేసి చొప్పున పదునాలుగు రేకులు వచ్చెను. అన్నియు నల్లని జిడ్డుతో నుండెను. మా వారును మరిదియు భోజనమునకు లేచిరి. నేను సహాయము చేయుదునని డీజిలుపోసి, మెత్తని బ్రష్షుతో రేకులను కడిగి, గుడ్డతో తుడిచి, వంటయింటిలో పళ్ళెములు సర్దినట్లు చెవుల రేకుల నన్నింటిని ఒకచోటను, పండ్ల రేకుల నన్నింటిని ఒకచోటను దొంతులుగా పేర్చితిని. చూడముచ్చటగా నుండెను. పేర్చిన తరువాత గుండె ఝల్లుమన్నది. ఏది ఏ ప్రక్కదో, ఏది దేని పైదో ఆ వరుస నశించినది!

మా మరిది వచ్చి, "వరుస ఎట్లుండె వదినా? ఒకటి గిది, ఒకటి గదేనా?" అని అడిగెను. నేను ఎఱుగనని చెప్పవలసినది. దారములు కట్టినందుకు పొందిన మెప్పు పోవునని వెఱచి, "అంతే నాయనా" యంటిని. పండ్రెండవయేటనే హరిశ్చంద్రుని కథ చదివిన దానను. ఒక్క మాటకు అంత లోకువైతిని.

అరిగిన మేరకు లోటు తీర్చుటకు ప్రతి దొంతర క్రిందను సరిపడు మందముగల సర్దుబిళ్ళనుంచిరి. చెవులది, పండ్లది మార్చి మార్చి పేర్చి, గుల్లను బిగించి, దారముల గుర్తుచొప్పున టోపీలు వేసిరి. పండ్లు సరిగా కలియుచున్నవో లేదో చూచుటకు క్రౌను పండ్లకు నూనెలో కలిపిన ఎఱ్ఱసీసము పూసి త్రిప్పిరి. ముద్ర పంటి నడుమ పడెను. ఆ పొడి విషము గనుక పిల్లల నటు రానీయక, పని ముగియగానే చేతులు శుభ్రముగా కడుగుకొంటిమి. అంతయు సవ్యముగా నున్నట్లే తోచెను.

పిమ్మట పట్టును పరీక్షించితిమి. ముందుచక్రములకును, నేలనున్న వెనుకచక్రమునకును రాళ్ళు అడ్డుపెట్టి, గేరు తీసి, చేతిబ్రేకు వదలి, ఒక్క వెనుకచక్రమునే ఎత్తిరి. ఆ చక్రపు మధ్యము నుండి మీటరు పొడవుగల కడ్డీని బిగించి, కొనను ధాన్యము తూచు స్ప్రింగుకాటాతో లాగిరి. విప్పకముందు 3 కిలోల లాగుడుకే చక్రము తిరిగినది; ఇప్పుడు 13 కిలోలు కావలసివచ్చెను. అన్నదమ్ములిరువురును సంతోషించిరి. ఈ సందర్భముననే ఒక హెచ్చరిక: ఇట్టి బండికి ఒక్క వెనుకచక్రము మాత్రమే ఎత్తి, ఇంజను నడిపి గేరు వేయరాదు. నేలనున్న చక్రమునకు బలమంది బండి స్టాండు నుండి దుమికి మనుష్యులమీదికి వచ్చును.

బండిని వీథిలోనికి తీసిరి. తిన్నగా పోవునపుడు ఏ చప్పుడును లేదు. మలుపు తిరుగగానే వెనుక కటకట శబ్దము. లోపలిటైరు నేలను గీరుచు కుంటుచున్నది. మా మరిది ముఖము వాడిపోయెను. "పెద్దషాపుకే ఇయ్యవలసింది. నాతోని కాదన్నా" యని అరుగుమీద కూలబడెను. తన చేతిపనియే చెడ్డదని యతడు నమ్మెను. ఆ రాత్రి అతడు అన్నము ముట్టలేదు.

నాకు నిద్ర రాలేదు. ఒకని చేతిమీది నమ్మకమును నా యబద్ధము విఱుచుచున్నదని తెలిసియు ఎట్లు మిన్నకుండుదును? తెల్లవాఱకముందే అత్తగారికడ కూర్చుండి అంతయు చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడక, "బిడ్డా, గిన్నెలు తోమినట్టు తోమినవు. తప్పు గదిగాదు. అడిగినప్పుడు చెప్పకపోవుడు తప్పు. లే, పోయి వానికి చెప్పు" అనెను. పోయి చెప్పితిని. మా మరిది ఒక్క క్షణము నన్ను చూచి, "అయితే నా చెయ్యి మంచిదే గద వదినా!" అనెను. కోపించి యుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

మరల విప్పిరి. ఈమారు రేకులను నా యెదుట నుంచి, వరుసను కనుగొనుట నా పని యంటిని. మా నాయనగారు తాళపత్రములలోని పాఠములను పోల్చుచు, ఏ పదము లేఖకుని పొరపాటో, ఏది కవి ప్రయోగమో నిర్ణయించుట నేను చూచియుంటిని. రేకులును పత్రములవంటివే యని తోచెను. దీపమును ఏటవాలుగా నుంచి చూడగా, ఒరసికొన్న ముఖము అద్దమువలె మెఱయుచున్నది. ఒరపిడి ఎఱుగని ముఖము మసకగా నున్నది. ప్రక్కకు నాలుగు చెవులరేకులలో ఒకదానికి రెండు ముఖములును మెఱయుచుండెను. రెంటికి ఒక్కొక్క ముఖమే మెఱయుచుండెను. ఒకదానికి రెండును మసకయే. మూడు పండ్లరేకులలో ఒకటి ఇరువైపుల మెఱయునది; తక్కిన రెండును ఒకవైపే.

దానినిబట్టి ఇట్లు నిర్ణయించితిమి. మసకముఖములు రెండుగల చెవులరేకును ఏ పండ్లరేకును తాకలేదు. కావున అది దొంతర కొనను, మఱియొక చెవులరేకు ప్రక్కను ఉండవలెను. ఒకవైపే మెఱయు పండ్లరేకులు రెండును వీపులు కలిపి యుండవలెను. అట్లు కూర్చగా రెండు విధములైన వరుసలు కుదిరెను. ఏది మొదటిదో తేలలేదు. కాని పాఠాంతరములు రెండైనను అర్థ మొక్కటియే యైనది. రెంటను చెవులరేకు, పండ్లరేకు ఒకదానినొకటి ఒరయు చోట్లు నాలుగే. నేను చెప్పిన "ఒకటి ఇది, ఒకటి అది" వరుసలో అవి ఆఱు. అనగా నా యబద్ధము పట్టును ఒకటిన్నర రెట్లు చేసినది! నొక్కుబలము మాఱకున్నను ఒరయు ముఖముల లెక్క పెరిగినచో పట్టు పెరుగును. బండికి తగినంత కావలెనే గాని ఎంత పెరిగిన అంత మేలు కాదు.

ఇరుప్రక్కల రేకులును కలిసిపోయినవి గనుక, స్క్రూగేజితో ఒక్కొక్కదానిని కొలిచి, దొంతరలు రెండును సమానమైన ఎత్తు వచ్చునట్లు పంచితిమి. మా వారు మఱియొక లోపమును గుర్తించిరి. మొదటిమారు రేకులను పొడిగా పేర్చి, సాధారణమైన గేరునూనె పోసితిమి. ఈ రకపు యంత్రమునకు, రేకులు పట్టి వదలి పట్టి వదలి కటకటలాడకుండ, ఒరపిడిని మృదువుచేయు మందు కలిసిన నూనె కావలెను. అట్టి నూనెను కామారెడ్డి నుండి తెప్పించి, రేకులను రాత్రియంతయు అందు నానవేసి, తెల్లవాఱి కూర్చితిమి. ఈమారు ప్రతి రేకునకును నేను కాగితముపై అంకె వేసితిని. ఎవరడిగినను ఆ కాగితమునే చూపితిని.

మరల కాటాతో లాగిచూడగా 8 కిలోలు. పదుమూటిలో మూడింట రెండువంతులు తొమ్మిదికి కొంచెము తక్కువ. మిగిలిన తగ్గుదల నూనెవలన కలిగినదని మా వారి లెక్క. మలుపులలో తిన్నగా తిరిగి చూచితిమి. శబ్దము లేదు. చెఱువుకట్టక్రింది ఆ మలుపునకే పోయి, ఎడమచక్రమును బురదలోనికి దింపితిమి. చక్రము ఒకటి రెండు చుట్లు జారెను. అంతలో కుడిచక్రము మొరమును పట్టుకొనెను. బండి మెల్లగా పైకి వచ్చెను. మా మరిది బండి దిగి, బురదలోనే నిలిచి, అన్నగారికి నమస్కరించెను. పిమ్మట నావైపు తిరిగి, "కాయితం దాచిపెట్టు వదినా" అనెను.

ఈ యంత్రము సర్వరోగనివారిణి కాదు. రెండు చక్రములును ఊబిలో దిగినచో ఇదియు నిస్సహాయమే. నూనె ఎప్పటికప్పుడు మార్చవలెను. రేకులు మరల అరుగును. ఐనను పనిశాలవారు చెప్పిన సొమ్ములో కొద్దిపాటి వ్యయముతో మాకు కార్యము నెఱవేరినది.

సోదరీమణులారా, కుటుంబమును బండితో పోల్చుట పాతమాటయే. కాని ఆ బండిలో ఈ రేకులు కూడ ఉండవలెనని నాకిప్పుడు తెలిసినది. అందఱిని ఒకే కడ్డీకి బిగించినచో మలుపులో ఇల్లు గీరుకొనును. ఎవరిదారిన వారిని పూర్తిగా వదలినచో ఒకరు జారిన దినమున గట్టివారి బలమును వ్యర్థమగును. కొంత ఒరపిడి యుండవలెను. ఆ ఒరపిడికి తగిన నూనెయు నుండవలెను. మా యింట ఆ నూనె మా అత్తగారి మాట.

సద్దుల బతుకమ్మ నాటి సాయంకాలము ఆ జీపులోనే బతుకమ్మల నుంచుకొని చెఱువునకు పోయితిమి. అత్తగారు ముందుకూర్చుండిరి. కట్టదిగువ మలుపు రాగా ఆమె నా చేతిని పట్టుకొనెను. బండి ఆగలేదు.